సంఘనాయకుడు థామస్ టెల్ఫర్డు

తాను నేర్చిన విద్య తనతోడనే నశింపరాదని తలచువారు లోకమున కొందఱే యుందురు. అట్టివారిలో థామస్ టెల్ఫర్డు ఒకడు.

స్కాట్లండు దేశమున, వెస్టర్‌కర్క్ అను గ్రామసీమయందలి గ్లెండినింగ్ అను కొండపట్టున, 1757వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన అతడు జన్మించెను. తండ్రి గొఱ్ఱెల కాపరి. బిడ్డ పుట్టిన కొలది నెలలకే తండ్రి గతింపగా, తల్లి జానెట్ కడు పేదఱికమున కుమారుని పెంచెను. బాలుడు ఊరిబడిలో కొంత చదివి, గొఱ్ఱెలను కాచి, పిదప రాతిపనివారియొద్ద శిష్యుడుగా చేరెను. సమీపమున నున్న లాంగ్‌హోమ్ పట్టణమున ఒక వృద్ధురాలు అతని చదువుకోరికను గుర్తించి, తన యింటి పుస్తకములను ఎరవిచ్చెను. పగలు ఉలిపట్టి, రాత్రి పుస్తకము పట్టి అతడు పెరిగెను. పరదేశమునకు బోయిన తరువాత, తల్లి సుళువుగా చదువుకొనుటకై ఆమెకు వ్రాయు జాబులను అచ్చక్షరములవలె విడదీసి వ్రాయుచుండెను.

1782లో లండను చేరి మేడలు కట్టు పనిలో కుదిరెను. 1787లో ష్రాప్‌షైర్ మండలమున నిర్మాణముల పర్యవేక్షకుడయ్యెను. 1805లో వేల్సు దేశమున పూర్తియైన పాంట్‌కసల్తె అక్విడక్టుపై, లోయకు 126 అడుగుల యెత్తున, ఇనుపతొట్టిలో కాలువ పారుచు పడవలు నడచును. 1826లో మెనై జలసంధిపై 579 అడుగుల దూలమున వ్రేలాడు వంతెనను ముగించెను. రాళ్లు చెక్కిన చేయి దేశమునకు దారులు వేసెను.

ఆ కాలమున బ్రిటనులో ఈ విద్యను నేర్పు కళాశాల లేదు. శిష్యుడు గురువును వెంబడించి నేర్చుటయే మార్గము. 1771లో స్మీటన్ మొదలగు పెద్దలు ఒక సంఘమును పెట్టుకొనిరి గాని, అది ప్రసిద్ధులు కొందఱు కూడి భోజనము చేయుచు ముచ్చటించు కూటమి. యువకులకు అందు చోటు లేకుండెను. అందుచే 1818 జనవరి 2వ తేదీన లండనులోని యొక కాఫీశాలయందు కొందఱు యువకులు కూడి సివిల్ ఇంజనీర్ల సంస్థను స్థాపించిరి. రెండేండ్లు గడచినను సభ్యులు పెరుగలేదు, పేరు రాలేదు. 1820లో వారు టెల్ఫర్డును అధ్యక్షుడుగా నుండుమని వేడిరి.

అప్పటికి అతనికి అఱువది రెండేండ్లు. కీర్తికి కొదవలేదు. పేరు మాత్రమిచ్చి ఊరకుండిన కాదనువారు లేరు. అయినను అతడు సభలకు శ్రద్ధతో వచ్చి కూర్చుండెను. సభ్యులు తమ యనుభవమును వ్యాసముగనో పటముగనో సంస్థకు సమర్పింపవలెనని ప్రోత్సహించెను. సభలోని చర్చలను వ్రాసియుంచు పద్ధతిని ఏర్పఱచెను. తన గ్రంథములను, పటములను ఇచ్చి సంస్థకు గ్రంథాలయమును సమకూర్చెను. గురుశిష్యుల నడుమ దాగియున్న విద్య కాగితమునకెక్కి అందఱి సొత్తయ్యెను. 1828 జూన్ 3వ తేదీన సంస్థకు రాజముద్రతో చార్టరు లభించెను. కాఫీశాలలోని పిల్లల కూటమి దేశమున ఒక వృత్తికి పీఠమయ్యెను.

అతడు వివాహము చేసికొనలేదు. కడవఱకు అధ్యక్షుడుగానే యుండి 1834 సెప్టెంబరు 2వ తేదీన పరమపదించెను. వెస్ట్‌మినిస్టరు ఆలయమున అతనిని సమాధి చేసిరి. మరణశాసనమున సంస్థకు 2,000 పౌన్లు వ్రాసెను. దాని ఆదాయముతో మంచి వ్యాసములకు బహుమతులీయవలెను. అతని పేరిట పతకము నేటికిని ఇచ్చుచున్నారు.

ఆ శాసనముననే వేఱొక పద్దు కలదు. లాంగ్‌హోమ్ గ్రంథాలయమునకు 1,000 పౌన్లు, వెస్టర్‌కర్క్ గ్రంథాలయమునకు 1,000 పౌన్లు. వెస్టర్‌కర్క్ గ్రంథాలయము 1793లో గనికూలీలు తమకై తాము పెట్టుకొనినది. ఒక వృద్ధురాలు కాపరి బిడ్డకు ఎరవిచ్చిన పుస్తకముల ఋణము ఇట్లు వడ్డీతో తీఱెను. గ్రామ గ్రంథాలయమున నేడు పుస్తకము నందుకొను బాలుడు రేపు ఏమగునో ఎవ్వరెఱుగుదురు? కావున అడిగినవానికి పుస్తకము లేదనరాదు.