దాంపత్య మౌనానికి చెవియొగ్గిన వైద్యుడు గిరీంద్రశేఖర్ బోస్

కోల్‌కతా: పడకగదికి సంబంధించిన బాధను భార్యాభర్తలు ఒకరితో ఒకరు చెప్పుకోవడమే కష్టం. దానిని మూడో వ్యక్తి ముందు చెప్పుకోవడం మరింత కష్టం. ఈ విషయంలో దంపతులకు కౌన్సెలింగ్ ఇచ్చే నిపుణులు నేడు పెద్ద నగరాలన్నింటిలో ఉన్నారు. వందేళ్ల క్రితం అటువంటి వెసులుబాటు లేదు. ఆ కాలంలో కలకత్తాలోని పార్సీ బగాన్ లేన్‌లో 14వ నంబరు ఇంట ఒక వైద్యుడు రోగులు చెప్పుకోలేని మాటలను గంటల తరబడి ఓపికగా విన్నారు. ఆయనే డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్. భారతదేశంలో మనోవిశ్లేషణకు ఆద్యుడు.

గిరీంద్రశేఖర్ 1887 జనవరి 30న బిహార్‌లోని దర్భంగాలో జన్మించారు. తండ్రి చంద్రశేఖర్ బోస్ దర్భంగా సంస్థానంలో ఉన్నతోద్యోగి. అన్న రాజశేఖర్ బోస్ రసాయన శాస్త్రవేత్త. పరశురాం అనే కలం పేరుతో బెంగాలీ హాస్య సాహిత్యంలో చెరగని స్థానం సంపాదించారు. గిరీంద్రశేఖర్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1910లో కలకత్తా వైద్య కళాశాల నుంచి పట్టా పొందారు. ఇంద్రజాలం, హిప్నాటిజం పట్ల యౌవనం నుంచే ఆయనకు మక్కువ ఎక్కువ. ప్రాక్టీసు ప్రారంభించిన తొలి సంవత్సరాలలో మానసిక రోగులపై హిప్నాటిజాన్ని ప్రయోగించి చూశారు. క్రమంగా దానిని విడిచి, రోగిని మాట్లాడనిచ్చే పద్ధతి వైపు మళ్లారు.

చట్టం ప్రవేశించినా మాట ప్రవేశించని చోటు

బోస్ పుట్టి పెరిగిన కాలంలో దాంపత్యంలోని లైంగిక జీవితం బెంగాల్‌లో బహిరంగ వివాదంగా మారింది. 1890లో ఫూల్‌మణి దాసి అనే బాలిక భర్తతో బలవంతపు సంపర్కం వల్ల మరణించింది. ఆ ఉదంతం దేశాన్ని కుదిపివేసింది. మరుసటి ఏడాది వచ్చిన చట్టం సమ్మతి వయసును 10 నుంచి 12 ఏళ్లకు పెంచింది. సంప్రదాయవాదులు దానిని తీవ్రంగా వ్యతిరేకించారు. ఆడపిల్లల కనీస వివాహ వయసును 14 ఏళ్లుగా నిర్ణయించిన శారదా చట్టం 1929లో గానీ రాలేదు. బోస్‌కు కూడా 17 ఏళ్ల ప్రాయంలోనే వివాహమైంది.

చట్టసభలలో ఇంత చర్చ జరిగినా ఇళ్లలో మౌనం తొలగలేదు. ఆ మౌనాన్ని సొమ్ము చేసుకున్నది మందుల వ్యాపారం. ధాతుపుష్టి లేహ్యాలు, వీర్యవృద్ధి గుళికల ప్రకటనలు బెంగాలీ పంచాంగాలను నింపివేశాయి. తెలుగు పత్రికల పాఠకులకూ ఇటువంటి ప్రకటనలు కొత్త కావు. శక్తి తగ్గిపోయిందన్న భయాన్ని మొదట కలిగించి, ఆ భయానికే మందు అమ్మడం వీటి పద్ధతి. ఈ భయాన్ని వైద్యశాస్త్రం ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తించి 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టడానికి 1960 వరకు ఆగవలసి వచ్చింది.

వియన్నాతో స్నేహం, భేదం

వైద్యవృత్తిలో ఉంటూనే బోస్ కలకత్తా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం అభ్యసించి 1917లో ఎం.ఏ. పూర్తిచేశారు. కోరికల అణచివేత ఎలా జరుగుతుందన్న అంశంపై రాసిన సిద్ధాంత గ్రంథానికి 1921లో డాక్టరేట్ లభించింది. ఆ గ్రంథాన్ని ఆయన వియన్నాలోని సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు పంపారు. ఫ్రాయిడ్ ఆశ్చర్యానందాలతో స్పందించారు. నాటి నుంచి 1930వ దశకం వరకు ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. వారు ఒక్కసారి కూడా ముఖాముఖి కలుసుకోలేదు.

1922లో బోస్ తన ఇంట భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. అది అదే ఏడాది అంతర్జాతీయ సంఘానికి అనుబంధమైంది. ఫ్రాయిడ్ 75వ జన్మదినం సందర్భంగా 1931లో కలకత్తా నుంచి దంతపు విష్ణుమూర్తి విగ్రహం కానుకగా వెళ్లింది. నేడు అది లండన్‌లోని ఫ్రాయిడ్ మ్యూజియంలో ఉంది.

ఇంత గౌరవం ఉన్నా బోస్ శిష్యునిలా తలవంచలేదు. తన వ్యాసాలను 1929లో ఫ్రాయిడ్‌కు పంపుతూ కీలకమైన భేదాన్ని తెలియజేశారు. పురుషత్వాన్ని కోల్పోతామన్న భయం ఐరోపా రోగులలో ప్రబలంగా కనిపిస్తుందని ఫ్రాయిడ్ సిద్ధాంతం చెబుతుంది. తాను చూసిన భారతీయ పురుషులలో ఆ భయం అంత తీవ్రంగా లేదని, స్త్రీగా ఉండాలన్న కోరిక వారిలో మరింత సులభంగా బయటపడుతున్నదని బోస్ వివరించారు. ఫ్రాయిడ్ ఈ వాదనను ఆసక్తితో పరిశీలించారు గానీ పూర్తిగా అంగీకరించలేదు.

ఎదుటివారి స్థానంలో నిలబడడం

బోస్ ఆలోచనకు మూలస్తంభం పరస్పర విరుద్ధ కోరికల సిద్ధాంతం. ప్రతి కోరికకు దాని వ్యతిరేక రూపం జంటగా పుడుతుందని ఆయన భావించారు. కొట్టాలన్న కోరిక వెనుక దెబ్బలు తినాలన్న కోరిక దాగి ఉంటుంది. ప్రేమించాలన్న తపన వెనుక ప్రేమింపబడాలన్న తపన ఉంటుంది. ఒకటి పైకి తేలితే రెండోది మనసు అడుగున ఉండిపోతుంది. అణగిపోయిన ఆ రెండోదే రోగలక్షణంగా బయటికి వస్తుంది.

చికిత్సా విధానం కూడా ఈ సూత్రం నుంచే వచ్చింది. రోగి ఒక సన్నివేశాన్ని తన వైపు నుంచి ఊహించిన తరువాత, అదే సన్నివేశాన్ని ఎదుటి వ్యక్తి స్థానం నుంచి ఊహించమని బోస్ కోరేవారు. మనసు తూగుటుయ్యాల మాదిరిగా రెండు వైపులకూ ఊగుతూ చివరకు సమస్థితికి చేరుతుందని ఆయన నమ్మకం.

దాంపత్యానికి అన్వయిస్తే ఈ పద్ధతిలోని బలం స్పష్టమవుతుంది. తన వైఫల్యం గురించి మాత్రమే కుమిలిపోయే భర్త, భార్య ఆ క్షణాన్ని ఎలా అనుభవిస్తున్నదో ఊహించవలసి వస్తుంది. బాధ ఒక్కరి శరీరంలోని లోపంగా కాక, ఇద్దరి మధ్య నడుస్తున్న వ్యవహారంగా కనిపించడం మొదలవుతుంది.

అయితే బోస్ భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టిన వైద్యుడు కారు. ఆయన విశ్లేషణ ఒక్కొక్క వ్యక్తితోనే సాగింది. ఆయన వద్దకు వచ్చినవారిలో విద్యావంతులైన మధ్యతరగతి బెంగాలీ పురుషులే అధికం. అందువల్ల భర్త ఊహలోని భార్య తరచుగా వినిపించింది గానీ, భార్య స్వయంగా మాట్లాడిన సందర్భాలు తక్కువ. ఆనాటి సమాజం విధించిన ఈ పరిమితిని ఆయన పద్ధతి దాటలేకపోయింది. లైంగిక సమస్యకు రోగి ఒక్కరు కాదని, దంపతులిద్దరినీ కలిపి చూడాలని అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ ప్రతిపాదించిన గ్రంథం 1970లో వెలువడింది. నేటి దంపతుల కౌన్సెలింగ్‌లో లైంగిక చికిత్సకు ఆధారం ఆ మార్గమే.

ఆసుపత్రి గడపలోకి

గదిలోని సంభాషణతోనే బోస్ తృప్తిపడలేదు. 1933లో కార్మైకేల్ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక రోగులకు ఔట్‌పేషెంట్ విభాగం ప్రారంభమైంది. నేటి ఆర్.జి.కర్ వైద్య కళాశాల అదే. సాధారణ ఆసుపత్రిలో ఇటువంటి విభాగం దేశంలో అదే మొదటిదిగా చరిత్రకారులు గుర్తిస్తారు. పిచ్చాసుపత్రి ముద్ర పడుతుందన్న భయం లేకుండా, జ్వరానికి వచ్చినట్లే మనోవ్యథకూ వైద్యం కోసం రావచ్చన్నది ఇందులోని విశేషం. 1940లో అన్న రాజశేఖర్ ఇచ్చిన ఇంట లుంబినీ పార్క్ మానసిక ఆసుపత్రి వెలిసింది. 1947లో సంఘం తరఫున 'సమీక్ష' పత్రిక ఆరంభమైంది.

కలకత్తా విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్ర శాఖకు బోస్ దీర్ఘకాలం అధిపతిగా ఉన్నారు. కలలపై బెంగాలీలో గ్రంథం రచించారు. పురాణాలను, భగవద్గీతను, యోగసూత్రాలను మనస్తత్వ దృష్టితో పరిశీలించారు. సంఘానికి స్థాపన నాటి నుంచి మరణించే వరకు ఆయనే అధ్యక్షుడు. 1953 జూన్ 3న కన్నుమూశారు.

సిద్ధాంతపరంగా బోస్ ప్రతిపాదనలన్నీ నేటి వైద్యశాస్త్రం ఆమోదించినవి కావు. విరుద్ధ కోరికల సూత్రం ప్రయోగ పరీక్షకు నిలిచిందని చెప్పడం కష్టం. కానీ సిగ్గుతో దాచుకున్న బాధకు లేహ్యం కన్నా ముందు కావలసినది వినే మనిషి అని ఆయన తన వృత్తి ద్వారా నిరూపించారు. దాంపత్యంలోని చిక్కుముడి విప్పాలంటే ఇద్దరిలో ప్రతి ఒక్కరూ రెండోవారి స్థానంలో నిలబడి చూడడం నేర్చుకోవాలి. దంపతుల కౌన్సెలింగ్ నేడు అడుగుతున్నదీ అదే.