దేవుణ్ణి నమ్మని డైరెక్టర్.. ఏసు సినిమా తీస్తే వాటికన్ మెచ్చింది!

మతాన్ని అవమానించారంటూ 1963లో కోర్టు శిక్ష వేసింది. మరుసటి ఏడాదే ఆయన తీసిన ఏసు సినిమాకి కాథలిక్ సినీ సంస్థ అవార్డు ఇచ్చింది. ఆయనే ఇటలీ దర్శకుడు పియర్ పావ్లో పసోలినీ.

1922 మార్చి 5న బొలోన్యాలో పుట్టారు. తండ్రి సైనికాధికారి, తల్లి సుసన్నా టీచర్. ముందు కవిగా, నవలా రచయితగా పేరు తెచ్చుకున్నారు. నాస్తికుడు, పైగా మార్క్సిస్టు.

1962 అక్టోబర్ 4న ఓ కాథలిక్ సంస్థ ఆహ్వానం మీద అస్సీసీలో ఉన్నారు. అదే రోజు పోప్ 23వ జాన్ అక్కడికి రావడంతో రోడ్లన్నీ జనంతో కిక్కిరిసిపోయాయి. బయటికెళ్లే దారిలేక గదిలో ఉన్న సువార్తల పుస్తకం తీసి చదివారు. సినిమా ఆలోచన అక్కడే పుట్టింది.

ఈలోపే 'లా రికొత్తా' అనే చిన్న సినిమా వివాదమైంది. శిలువ సీన్‌లో నటిస్తున్న ఓ పేద జూనియర్ ఆర్టిస్ట్, ఆకలి కొద్దీ అతిగా తిని ఆ శిలువ మీదే చనిపోయే కథ అది. 4 నెలల జైలు శిక్ష పడింది. తర్వాత అప్పీల్‌లో కొట్టేశారు.

అయినా వెనక్కి తగ్గలేదు. 1964లో 'మత్తయి సువార్త' తీశారు. పేరున్న స్టార్లు లేరు. స్పెయిన్ నుంచి వచ్చిన ఓ స్టూడెంట్ ఏసు అయ్యాడు. దక్షిణ ఇటలీలోని మాతేరా ఊరే జెరూసలేం అయింది. డైలాగులన్నీ సువార్తలోవే. అప్పటికే కన్నుమూసిన 23వ జాన్‌కి సినిమాని అంకితమిచ్చారు.

ఇందులో పెద్ద వయసు మరియమ్మగా నటించింది ఎవరో తెలుసా? పసోలినీ తల్లి సుసన్నాయే! 1945లో చిన్న కొడుకు గ్వీదోని యుద్ధంలో పోగొట్టుకున్న తల్లి ఆమె. శిలువ దగ్గర ఏడ్చే సీన్ చూస్తే, అది ఉత్త నటనేనా అనిపిస్తుంది.

వెనిస్‌లో స్పెషల్ జ్యూరీ ప్రైజ్ దక్కింది. 1995లో వాటికన్ ప్రకటించిన 45 గొప్ప సినిమాల జాబితాలోనూ చోటు దొరికింది. కానీ అది చూడ్డానికి ఆయన లేరు. 1975 నవంబర్ 2న రోమ్ దగ్గర్లోని ఓస్తియాలో 53 ఏళ్ల వయసులో హత్యకు గురయ్యారు. 17 ఏళ్ల కుర్రాడికి శిక్ష పడినా, అసలేం జరిగిందన్న అనుమానాలు తీరలేదు. సుసన్నాకి రెండో కొడుకూ దక్కలేదు.