మారిషస్ కూలీల అర్జీ రాసిన ప్లెవిట్జ్

గోదావరి పాయ ఒడ్డున ఒకప్పుడు కోరంగి రేవుండేది. 1843లో మనవాళ్లను కూలికి మారిషస్ తీసుకుపోయిన ఓడకి ఆ వూరి పేరే. ఆ దీవిలో తెలుగువాళ్లకి కోరంగీలని పేరుపడింది. చెరకు తోటల్లో ఒప్పందపు కూలీ ఒక్కరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోసేవారు. ఒప్పందం తీరినవాడికైనా సుఖం లేదు. 1867 చట్టం ప్రకారం తన ఫోటో వున్న టిక్కెట్టు ఎప్పుడూ దగ్గరుండాలి. లేదంటే దేశదిమ్మరి అని పోలీసులు పట్టుకుపోయేవారు. ఆ ఫోటో ఖర్చు కూలీదే! సంకెలకి కూడా ఖైదీయే వెల కట్టాలన్నమాట.

అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ 1837లో పారిస్‌లో పుట్టాడు. జర్మన్ సంతతివాడు. 1858లో మారిషస్ వచ్చి మామగారి తోట చూసుకునేవాడు. యజమానుల వర్గపు మనిషే, ఆ సంగతి మనం దాచనక్కర్లేదు. అయినా కూలీల గోడు విన్నాడు. 1871లో 9,401 మంది పాత కూలీల పేర్లతో అర్జీ గవర్నర్ గోర్డన్‌కి చేరింది. రాత ప్లెవిట్జ్‌ది. అందులోని బాధలు, పేరు పెట్టే తెగువ కూలీలవి. మేము ముందు లెక్కలోకి తీసుకునేది ఆ తెగువనే.

తోటల యజమానులు మండిపడ్డారు. పోర్ట్ లూయిస్‌లో ప్లెవిట్జ్‌ని నడివీధిలో కొట్టారు. దీవి నుంచి వెళ్లగొట్టమని గవర్నర్‌ని అడిగారు. గోర్డన్ ఒప్పుకోలేదు. 1872లో లండన్ ప్రభుత్వం కమిషన్ వేసింది. కూలీల ఫిర్యాదుల్లో చాలావాటికి ఆధారం వుందని 1875 నివేదిక తేల్చింది. 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది. ప్లెవిట్జ్ దీవి విడిచిపోయాడు, 1893లో చనిపోయాడు. ఆ రెండురోజుల కోత మాత్రం పోలేదు. 1907లో వకీలు మణిలాల్ డాక్టర్ దీవిలో దిగేనాటికి ఇంకా సాగుతూనే వుంది.