ముష్టియోధుడు టామ్ క్రిబ్

పూర్వము ఇంగ్లండు దేశపు ముష్టియుద్ధములలో చేతొడుగులు లేవు. ఇన్ని రౌండ్లకు పోరు ముగియవలెనను మితియు లేదు. ఇరువురిలో ఒకడు నేలబడినచో అది యొక రౌండు. పడినవాడు అర నిమిషములో లేచి బరి నడుమ గీచిన గీత కడకు వచ్చి నిలువవలెను. రాలేనివాడు ఓడినట్లే. 1743లో జాక్ బ్రౌటన్ అను యోధుడు ఏర్పరచిన ఈ కట్టుబాటు దాదాపు నూరేండ్లు నడచినది. ఆ నూరేండ్లలో బరిలో దిగిన యోధులలో అగ్రగణ్యుడని ఆంగ్లేయులు చెప్పుకొను టామ్ క్రిబ్ బ్రతుకంతయు ఈ అర నిమిషము చుట్టును తిరిగినది. అతని కీర్తికి ఆధారము అదియే. ఆ కీర్తిని విడువని శంకయు అదియే.

క్రిబ్ 1781వ సంవత్సరము జూలై 8వ తేదీన బ్రిస్టలు నగరమునకు చేరువనున్న హేన్హమ్ గ్రామమున జన్మించెను. ఆ ప్రాంతపు మట్టిలో ఏమి మహిమ యున్నదో గాని జెమ్ బెల్చర్, హెన్రీ పియర్స్, జాన్ గల్లీ మున్నగు ప్రసిద్ధ యోధులు ఆ చుట్టుపట్లనే పుట్టిరి. పదుమూడవ యేట క్రిబ్ పొట్టకూటికై లండను చేరెను. మొదట ఇండ్లకు పిలుపుగంటలు అమర్చువాని వద్ద పని నేర్చుకొన కుదిరెను. నాలుగు గోడల నడుమ చేయు పని అతనికి సరిపడలేదు. దానిని విడిచి థేమ్సు నది రేవులలో బొగ్గులు మోయు కూలి యయ్యెను. అచ్చట రెండుమారులు చావు తప్పినది. ఒకమారు రెండు బొగ్గుపడవల నడుమ చిక్కి నలిగెను. మఱియొకమారు అయిదువందల పౌండ్ల బరువుగల నారింజపండ్ల మూటను మోయుచు కాలుజారి పడగా, ఆ బరువు రొమ్మున బడి కొన్నాళ్ళు రక్తము కక్కెను. పిదప కొంతకాలము నావికుడుగా పనిచేసెను. బొగ్గును నల్లవజ్రమని పిలుచుట ఆంగ్లేయుల వాడుక. రేవులలో పనిచేసిన యీ కూలికి బరిలో ‘నల్లవజ్రము’ అను బిరుదు స్థిరపడినది.

చూచుటకు అతనియందు విశేషమేమియు లేదు. అయిదడుగుల పది అంగుళములకు కొంచెము మించిన ఎత్తు, బరువైన దేహము, మందమైన నడక. స్వభావమున సాధువు. అయినను దెబ్బకు జంకని గుండెయు, ఎంతసేపటికిని చెడని ఊపిరియు అతనికి కలవు. వెనుకకు తగ్గుచు కొట్టుట అతని పద్ధతి. ఎదిరి మీదికి దూకునప్పుడు తాను ఒక్కొక్క అడుగే వెనుకకు వేయును. దూకువాని వేగమే తన దెబ్బకు బలమగునట్లు ఎదురుగా పిడికిలి నిలుపును. కొంతసేపటికి తరిమినవాడు అలయును, తగ్గినవాడు నిలుచును. వీరులకు తగని పోరని మొదట కొందఱు నవ్విరి. తరువాత అందఱును ఆ పద్ధతినే నేర్చిరి.

1805 జనవరి 7వ తేదీన జార్జి మేడక్స్ అను వయసు మీరిన యోధునితో అతని మొదటి బహిరంగ యుద్ధము జరిగెను. రెండు గంటలకు పైబడి సాగిన ఆ పోరు 76 రౌండ్లకు ముగిసి క్రిబ్ గెలిచెను. ఆ యేడే జూలైలో జార్జి నికల్స్ చేతిలో ఓడెను. అతని బ్రతుకున అదియొక్కటియే ఓటమి. అక్టోబరులో హెయిల్షమ్ వద్ద బిల్ రిచ్మండు నెదుర్కొని గంటన్నర పోరి గెలిచెను.

ఈ రిచ్మండును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. ఇతడు 1763లో న్యూయార్కు చెంతనున్న స్టాటెన్ దీవిలో పుట్టిన నీగ్రో. తరువాత నార్తంబర్లండు డ్యూకు అయిన పెర్సీ ప్రభువు ఇతనిని ఇంగ్లండునకు గొనివచ్చి యార్కుషైరున చదివించి వడ్రంగము నేర్పించెను. చదువరి, మాటకారి, మర్యాద తెలిసినవాడు. లండనులో పానశాల నడపుచు కుఱ్ఱవాండ్రకు ముష్టివిద్య నేర్పుచుండెను. క్రిబ్ కథలో ఇతడు మరల వచ్చును.

1807 ఏప్రిలులో క్రిబ్ జెమ్ బెల్చర్‌తో తలపడెను. బెల్చర్ పూర్వపు చాంపియను. ఆటలో బంతి తగిలి 1803లో ఒక కన్ను పోగొట్టుకొనినవాడు. ఒంటికన్నుతోనే అతడు క్రిబ్‌ను ఎడాపెడ కొట్టి ఒక దశలో నేలగూల్చగా, క్రిబ్ వేళకు లేచుట దుర్లభమయ్యెనట. అప్పుడు క్రిబ్ పక్షమున నిలిచిన బిల్ వార్ అను వృద్ధయోధుడు ఎదుటి సహాయకునితో పందెము మాట యెత్తి, పందెపు సొమ్మేదని నిలదీసి, ఆ గడబిడలో కొన్ని క్షణములు సంపాదించెనని చెప్పుదురు. 41వ రౌండున బెల్చర్ ఓటమి నొప్పుకొనెను. మరుసటి యేడు అక్టోబరులో లాంకషైరు వాడగు బాబ్ గ్రెగ్సన్ అను మహాకాయునితో పోరి 23వ రౌండు చివర ఇరువురును లేవలేని స్థితికి రాగా, క్రిబ్ ఎట్లో గీత చేరెను, గ్రెగ్సన్ చేరలేకపోయెను. 1809 ఫిబ్రవరి 1న బెల్చర్‌ను రెండవమారు ఓడించి క్రిబ్ ఇంగ్లండు చాంపియనుగా నిలిచెను.

ఆ మరుసటి యేడే టామ్ మోలినో అను నీగ్రో యోధుడు అమెరికా నుండి లండనులో దిగెను. వర్జీనియాలో బానిసగా పుట్టి, యజమానుల పందెముల కొఱకు పోరాడి విముక్తి సంపాదించెనని అతని పూర్వకథగా చెప్పుదురు. రిచ్మండు అతనిని చేరదీసి, శిక్షణమిచ్చి, చాంపియనుతో తలపడుటకు సిద్ధపఱచెను. నాటి ఇంగ్లండు నెపోలియనుతో యుద్ధమున మునిగియుండెను. బానిసల వర్తకమును పార్లమెంటు నిషేధించి మూడేండ్లయినది గాని, వలస దేశములలో బానిసత్వము చెక్కుచెదరక యుండెను. ముష్టియుద్ధము ఆంగ్లేయుల పౌరుషమునకు గుర్తని వ్రాయని పత్రిక లేదు. అట్టి గౌరవపదవి పరదేశి పాలగుననుటయే జనులకు దుస్సహము. ఆ పరదేశి నల్లవాడుగూడ అగుట మఱింత దుస్సహమయ్యెను.

1810 డిసెంబరు 18వ తేదీన, ఎడతెగని వానలో, బురదనేలపై ఆ పోరు జరిగెను. క్రిబ్ సులభముగ గెలుచునని పందెములు కాచినవారికి ముఖములు తెల్లబోయినవి. మోలినో ప్రతి దెబ్బకును దెబ్బ యిచ్చుచు, ఇరువదవ రౌండు సమీపించు నప్పటికి చాంపియనును త్రాళ్ళ కదిమి విడువకుండెను. అంతట ప్రేక్షకులలో కొందఱు బరిమీదికి తోసుకొనివచ్చిరి. ఆ త్రొక్కిడిలో మోలినో వ్రేలు విఱిగినదని కొందఱు, విఱుగలేదని కొందఱు. కొన్ని రౌండ్లు గడచినవెనుక క్రిబ్ పడి, అర నిమిషము గడచినను లేవలేకపోయెనట. అప్పుడు క్రిబ్ సహాయకుడగు జో వార్డు బరి దాటి పోయి, మోలినో పిడికిళ్ళలో సీసపుగుండ్లు దాచినాడని నింద వేసెను. చేతులు తెఱచి చూపవలసి వచ్చినది. గుండ్లు లేవు. ఈ లోపల క్రిబ్ తేరుకొనెను. చలికి వణకుచు నిలిచిన మోలినో బలము అంతటినుండి తగ్గుచు వచ్చెను. ముప్పదికి పైబడిన రౌండ్లు పోరిన పిదప అతడే ఇక చేతగాదని విరమించెను.

ఆనాటి వృత్తాంతములు ఒకదానితో నొకటి పొసగవు. గుండ్ల కథ పెంచి చెప్పినదని వాదించువారును కలరు. కాని మధ్యవర్తులు వేళను గట్టిగ పాటించియున్నచో చాంపియను పదవి ఆ దినముననే చేతులు మారెడిదని నమ్మినవారు ఆంగ్లేయులలోనే అనేకులు. తొడగొట్టి గెలిచిన భీముని గదాయుద్ధముపై నేటికిని మనవారు వాదించుకొనుచునే యున్నారు గదా! ఇచ్చట తేడా యొక్కటి కలదు: చేసిన అక్రమము ఏదైనను అది క్రిబ్ చేసినది కాదు. అతడు నేలపై స్పృహ తప్పియుండెను. ఇతరులు అతని కొఱకు దొంగిలించిన క్షణములు అతని ఖాతాలో పడినవి. వానిని తిరిగి యిచ్చుటకు ఉపాయము అతనికి తెలియదు.

ఉపాయము మోలినోయే చూపెను. కొలది దినములకే పత్రికాముఖమున క్రిబ్‌ను మరల పోరునకు పిలిచెను. వాన వలన తాను ఓడితిననియు, తన వర్ణమును బట్టి జనులు తనకు అన్యాయము చేయరని నమ్ముచున్నాననియు ఆ పిలుపు సారాంశము. ఇంత మర్యాదగా వ్రాసిన అభియోగపత్రము అరుదు.

ఈమారు క్రిబ్ పక్షమున కాప్టెన్ బార్‌క్లే అను స్కాట్లండు జమీందారు నిలిచెను. ఈయన 1809లో న్యూమార్కెట్ వద్ద, వెయ్యి గంటలలో గంటకొక మైలు చొప్పున వెయ్యి మైళ్ళు నడచి పందెము గెలిచిన మొండిమనిషి. క్రిబ్‌ను తన యూరీ గ్రామమునకు గొనిపోయి పదునొకండు వారములు కొండలెక్కించెను, మైళ్ళకొలది నడిపించెను, కంబళ్ళు కప్పి చెమట పట్టించెను, తిండిని తూచి పెట్టెను. 16 స్టోనుల బరువుతో, అనగా 224 పౌండ్లతో, వచ్చిన క్రిబ్ సుమారు పదుమూడున్నర స్టోనులకు తగ్గెను. నేటి క్రీడాకారుల శిక్షణమునకు అది యొక తొలి మెట్టు. మోలినో మాత్రము ఆ నెలలన్నియు ఊరూర ప్రదర్శనములిచ్చుచు, త్రాగుడునకు లోబడి గడపెను. పోరునాటి ఉదయమున ఒక కోడిని, ఆపిల్ పిండివంటను, కుండెడు బీరును ఆరగించి బరిలో దిగెనని చెప్పుదురు. అతనికి కొండలెక్కించు జమీందారు ఎవడును దొరకలేదు.

1811 సెప్టెంబరు 28వ తేదీన, మూడు జిల్లాలు కలియు థిసిల్టన్ గ్యాప్ వద్ద పోరు జరిగెను. ముష్టియుద్ధములు చట్టవిరుద్ధములు, ఒక జిల్లా మేజిస్ట్రేటు వచ్చినచో మఱియొక జిల్లాలోనికి దాటుటకు వీలుగ ఇట్టి చోటులు ఏర్పఱచుకొనెడివారు. పదునైదువేలకు పైగ జనులు చేరిరి. మొదట మోలినోదే పైచేయి. క్రిబ్ కన్ను వాచి మూతపడగా, సహాయకుడగు జాన్ గల్లీ వాపును కోసి చూపు తెప్పించెను. అంతట క్రిబ్ మోలినో ఊపిరిని గుఱిచేసి ప్రక్కటెముకలపై కొట్టసాగెను. తొమ్మిదవ రౌండున మోలినో దవుడ విఱిగెను. అతడు అర నిమిషములో లేవలేదు. నియమము ప్రకారము పోరు ముగిసినది. ఐనను క్రిబ్ ఆ గెలుపును పుచ్చుకొనలేదు. మోలినో లేచువఱకు వేచి, ఆ వేచినంతసేపు వేదికపై నావికులు ఆడెడి చిందు ఆడెను.

ఆ చిందును ప్రత్యర్థికి అవమానమని కొందఱు తలచిరి. బలగర్వమని కొందఱు తలచిరి. కాని తొమ్మిది నెలల క్రిందట తనకు అక్రమముగ దక్కిన అర నిమిషమును అతడు ఆ దినమున వేలకొలది జనుల యెదుట తిరిగి చెల్లించెననుట మాత్రము కాదనరానిది. పదునొకండవ రౌండుతో, ఇరువది నిమిషములకు లోపల, పోరు ముగిసెను. బార్‌క్లేకు పందెముల మీద పదివేల పౌన్లు వచ్చెనందురు. క్రిబ్‌కు నాలుగువందలు. మోలినో కొఱకు చందా యెత్తగా ఏబది వచ్చినవి.

తరువాత ఆ ఇరువురి దారులు వేఱైనవి. డిసెంబరులో క్రిబ్‌కు ఎనుబది గినీల వెండిపాత్ర బహూకరించిరి. 1813లో బైరన్ కవి అతనితో కూర్చుండి భోజనము చేసి, ఆ సంగతిని తన దినచర్యలో వ్రాసికొనెను. 1814లో రష్యా చక్రవర్తి అలెగ్జాండరు లండను వచ్చినప్పుడు అతని యెదుట ముష్టివిద్య చూపిన వారిలో క్రిబ్ ఒకడు. 1821లో నాల్గవ జార్జి పట్టాభిషేకమున రాణి కారొలైన్ లోనికి రాకుండ ద్వారము కాయుటకు రాజపరిచారకుల వేషములు తొడిగి నిలిపిన యోధులలోను అతడుండెను. ఆ గౌరవము గర్వింపదగినది కాదు. మోలినో మాత్రము రిచ్మండుతో చెడి, ఊరూర తిరిగి, 1818 ఆగస్టులో ఐర్లండునందలి గాల్వే పట్టణమున, ఒక పటాలపు బారకులో దిక్కులేక మరణించెను. వయస్సు 34 ఏండ్లు.

క్రిబ్ బొగ్గుల వర్తకము పెట్టి నష్టపడి పానశాలలు నడపెను. వానిలో హేమార్కెట్ చెంత పాంటన్ వీధియందలి యూనియన్ ఆర్మ్స్ ప్రసిద్ధము. 1821లో పియర్స్ ఈగన్ వ్రాసిన లండను జీవితగ్రంథమున అచ్చటి వెండిపాత్రను చూడవచ్చిన యువకుల చిత్రము కలదు. 1822లో క్రిబ్ బరికి స్వస్తి చెప్పి, తాను కొడుకువలె పెంచిన టామ్ స్ప్రింగునకు చాంపియను పదవి నప్పగించెను.

ఆ పానశాలకు తరచుగ వచ్చు ముసలివారిలో బిల్ రిచ్మండు ఒకడు. 1805లో క్రిబ్ చేతిలో ఓడి, 1810లో క్రిబ్ మీదికి మోలినోను పురికొల్పి, ఆ పోరులో బరిప్రక్కనే నిలిచి సర్వమును కన్నులార చూచినవాడు. వయసు మీరిన పిదప ఆ ఇరువురును మంచి స్నేహితులైరి. 1829 డిసెంబరు చివర ఒకనాటి సాయంకాలము రిచ్మండు క్రిబ్ పానశాలలో మాటలాడుచు గడపి ఇంటికి పోయి, ఆ రాత్రియే కన్నుమూసెను.

అప్పులు పెరిగి 1839లో యూనియన్ ఆర్మ్స్ అప్పులవారి పాలయ్యెను. క్రిబ్ వూలిచ్‌లో రొట్టెల దుకాణము నడపుచున్న కుమారుని పంచ చేరి, 1848 మే 11వ తేదీన, 66వ యేట, అచ్చటనే మరణించెను. వూలిచ్ చర్చి ఆవరణమున అతని సమాధిపై కొన్నేండ్లకు ఒక రాతిసింహమును నిలిపిరి. చితాభస్మ కలశముపై పంజా ఉంచి ఆ సింహము నదివైపు కొండ అంచున నున్నది. పాంటన్ వీధిలోని పానశాలకు తరువాతి కాలమున అతని పేరే పెట్టిరి.