సైప్రస్ తొలి ఉపాధ్యక్షుడు డాక్టర్ ఫాజిల్ కుచుక్

మధ్యధరా సముద్రం తూర్పు మూలన, టర్కీకి దక్షిణంగా సైప్రస్ అనే చిన్న దీవి ఉంది. మన ఉర్దూ పుస్తకాల్లో దానినే ఖుబ్రుస్ అంటారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో ముస్లిం సేనలు సముద్రం దాటి అక్కడికి చేరాయి. ఆ ప్రయాణంలో పాల్గొన్న సహాబియా హజ్రత్ ఉమ్మె హరామ్ (రజి) వాహనం మీద నుంచి పడి అక్కడే కన్నుమూశారు. లార్నకా పట్టణం దగ్గర, ఉప్పు సరస్సు ఒడ్డున ఆమె మజార్‌గా ప్రసిద్ధి పొందిన కట్టడం నేటికీ ఉంది.

1974 నుంచి 2003 దాకా దీవి ఉత్తర భాగంలోని ముస్లిములకు ఆ మజార్‌ను దర్శించుకునే దారి మూసుకుపోయింది. ఒకే దీవి రెండు ముక్కలు ఎలా అయింది? మళ్లీ ఒకటి కావడానికి అడ్డు ఏమిటి? ఈ ప్రశ్నలకు జవాబు చాలావరకు ఒక వైద్యుడి జీవితంలో దొరుకుతుంది. ఆయనే డాక్టర్ ఫాజిల్ కుచుక్.

ఆయన 1906లో నికోసియాలో జన్మించారు. 1571లో ఉస్మానీ సుల్తానుల వశమైన ఈ దీవి పాలనను 1878లో బ్రిటిష్ వారు చేపట్టారు. జనంలో అధికులు గ్రీకు క్రైస్తవులు. టర్కీ భాష మాట్లాడే ముస్లిములు 1960 నాటికి నూటికి 18 మంది. రెండు జాతుల వారూ చాలా ఊళ్లలో ఇరుగుపొరుగుగా బతికేవారు.

కుచుక్ ఇస్తాంబుల్‌లోనూ, స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లోనూ వైద్యం చదివి స్వదేశానికి తిరిగి వచ్చారు. 1942లో 'హల్కిన్ సెసి' అనే పత్రిక స్థాపించారు. ప్రజల గొంతు అని దాని అర్థం. హల్క్ అంటే మన ఉర్దూలోని ఖల్క్ అన్న మాటే. ఆ పత్రిక ద్వారా ఆయన పట్టుబట్టిన విషయాల్లో ఒకటి వక్ఫ్ ఆస్తుల సమస్య. పూర్వీకులు అల్లాహ్ పేరిట వదిలి వెళ్లిన భూములు, దుకాణాల పెత్తనం బ్రిటిష్ ప్రభుత్వం చేతిలో ఉండేది. ఆ అమానత్ 1956లో తిరిగి ముస్లిముల చేతికి వచ్చింది. తమ వ్యవహారాలు తామే చూసుకోవడమనే హక్కు ఎంత విలువైనదో ఈ పోరాటం వారికి తెలియజెప్పింది.

ఇంతలో దీవిని గ్రీసులో కలపాలని 1955లో గ్రీకుల సాయుధ పోరాటం మొదలైంది. అదే జరిగితే తమ గతి ఏమవుతుందోనని ముస్లిములు భయపడ్డారు. కుచుక్ తన పార్టీకి సైప్రస్ టర్కీదే అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. తర్వాత దీవిని పంచాలన్న కోరికకు మద్దతు పలికారు. నిజం చెప్పాలంటే, కలిసి ఒక దేశం కావాలని అప్పట్లో రెండు పక్షాల నాయకులూ కోరుకోలేదు.

1959లో లండన్‌లో ఒప్పందం కుదిరింది. గ్రీకుల పక్షాన ఆర్చిబిషప్ మకారియోస్, ముస్లిముల పక్షాన కుచుక్ సంతకాలు చేశారు. గ్రీసులో కలపడమూ, దీవిని పంచడమూ రెండూ నిషిద్ధమయ్యాయి. 1960 ఆగస్టులో దేశం స్వతంత్రమైంది. మకారియోస్ అధ్యక్షుడు, కుచుక్ ఉపాధ్యక్షుడు. బ్రిటన్, గ్రీసు, టర్కీ హామీదారులు.

ఆ రాజ్యాంగం భూమి మీద సరిహద్దు గీయని ఒక రకం సమాఖ్య. మంత్రుల్లో ఏడుగురు గ్రీకులు, ముగ్గురు ముస్లిములు. సభలో 35 మంది, 15 మంది. ఉద్యోగాల్లో నూటికి 70, 30. విద్య, మత వ్యవహారాలు ఎవరివి వారివే. విదేశాంగం, రక్షణ, భద్రత విషయాల్లో ఉపాధ్యక్షునికి వీటో హక్కు ఉండేది. తమ సంఖ్యకు మించి వాటా ఇచ్చారని గ్రీకులు నొచ్చుకున్నారు. ఈ వాటా తమ ప్రాణరక్షణ అని ముస్లిములు భావించారు.

చిక్కులు వెంటనే మొదలయ్యాయి. సైన్యంలో రెండు జాతులనూ కలిపివేయాలన్న ప్రతిపాదనను 1961లో కుచుక్ వీటో చేశారు. దాంతో అనుకున్న సైన్యం ఏర్పడనే లేదు. పన్నుల చట్టం సభలో ఆగిపోయింది. ఐదు పట్టణాల్లో వేర్వేరు మునిసిపాలిటీలు ఉండాలని రాజ్యాంగంలో రాసినా అది అమలు కాలేదు. 1963 నవంబరులో మకారియోస్ 13 సవరణలు ప్రతిపాదించారు. వీటో రద్దు వాటిలో ఒకటి. డిసెంబరులో రక్తపాతం జరిగింది. నికోసియా పటం మీద ఒక బ్రిటిష్ సేనాని ఆకుపచ్చ పెన్సిలుతో గీత గీశాడు. ఇరువైపులా ప్రాణాలు పోయాయి. దాదాపు 25,000 మంది ముస్లిములు ఊళ్లు వదిలిపెట్టారు. 1964లో ఐక్యరాజ్య సమితి శాంతి సేన దిగింది. దాని తొలి అధిపతి భారతీయుడైన జనరల్ జ్ఞానీ. ఆయన తర్వాత వచ్చిన మన జనరల్ తిమ్మయ్య 1965లో అక్కడే, విధి నిర్వహణలోనే మరణించారు.

ఆ తర్వాత కుచుక్ పేరుకు మాత్రమే దేశ ఉపాధ్యక్షుడు. మంత్రివర్గంలో ఆయన కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. 1973లో ఆ పదవి రవూఫ్ డెంక్తాష్‌కు దక్కింది. 1974 జూలైలో గ్రీసు సైనిక పాలకుల అండతో కుట్ర జరిగింది. ఐదు రోజులకే టర్కీ సేనలు దిగాయి. లక్షన్నరకు పైగా గ్రీకులు దక్షిణానికి, 40,000కు పైగా ముస్లిములు ఉత్తరానికి తరలిపోయారు. 1977లో మకారియోస్, డెంక్తాష్ కలుసుకుని రెండు జాతుల సమాఖ్యే పరిష్కారమని అంగీకరించారు. కానీ 1983 నవంబరు 15న ఉత్తర భాగం స్వతంత్ర రాజ్యమని ప్రకటించుకుంది. టర్కీ తప్ప మరే దేశమూ గుర్తించలేదు. సరిగ్గా రెండు నెలలకు, 1984 జనవరి 15న కుచుక్ లండన్‌లో కన్నుమూశారు.

ఆయన పోయినా ప్రశ్న మిగిలే ఉంది. దేశాధికారం ఒక్కటే ఉండి దానిని ఇద్దరూ పంచుకోవాలా, లేక రెండు అధికారాలు పక్కపక్కన నిలవాలా? 2004లో సమాఖ్య పథకంపై ఓటింగ్ జరిగితే ఉత్తరాన నూటికి 65 మంది సరేనన్నారు. దక్షిణాన 76 మంది కాదన్నారు. 2017లో చర్చలు మళ్లీ విఫలమయ్యాయి. 2025లో ఉత్తరాన సమాఖ్యను కోరే నాయకుడు ఎన్నికయ్యారు.

ఈ జీవితం నుంచి మేము గ్రహించింది ఒక్కటే. తక్కువ సంఖ్యలో ఉన్నవారికి కాదనే హక్కు అవసరమే. అది లేకుంటే వారి మాట వినేవారుండరు. కానీ కాదనే హక్కుతో మాత్రమే ఇల్లు నడవదు. సరే అనే మనసు కూడా కావాలి. అది ఇద్దరిలోనూ లేకపోతే రాజ్యాంగం కాగితంగానే మిగులుతుంది.

ఆ మనసు పూర్తిగా చావలేదు. ఆ కల్లోలాల్లో జాడ లేకుండా పోయినవారు 2,002 మంది. వారిలో 1,510 మంది గ్రీకులు, 492 మంది ముస్లిములు. ఇరువైపుల నిపుణులు ఒకే సంఘంగా ఏర్పడి నేలను తవ్వి, అస్థికలు వెతికి, ఎవరివి వారి కుటుంబాలకు అప్పగిస్తున్నారు. చనిపోయినవారి కోసం కలిసి పనిచేయగలిగినవారు బతికున్నవారి కోసం కూడా ఒక బల్ల దగ్గర కూర్చోగలగాలని మేము దుఆ చేస్తున్నాము.