నమ్మకపోయినా నిజమే కొలిచిన మిలికన్

రాబర్ట్ మిలికన్ అనగానే మన పిల్లలకు నూనె చుక్కల ప్రయోగం గుర్తొస్తుంది. ఆయన చేసిన మరో ప్రయోగం వెనక ఉన్న కథ మాత్రం పాఠంలో ఉండదు.

1868లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక మతబోధకుడి ఇంట మిలికన్ పుట్టారు. 1895లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకుని, మరుసటి ఏడాది షికాగో విశ్వవిద్యాలయంలో చేరారు. కాంతి అంటే తరంగమేనని చదువుకున్న తరం ఆయనది.

లోహంపై కాంతి పడితే ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. కాంతి తరంగమే అయితే, వెలుతురు పెంచేకొద్దీ అవి మరింత వేగంగా రావాలి. కానీ వాటి సంఖ్యే పెరుగుతోంది. వేగం కాంతి రంగును బట్టి మారుతోంది. కాంతి శక్తి విడివిడి పొట్లాలుగా వస్తుందని, పౌనఃపున్యం పెరిగితే పొట్లంలో శక్తి పెరుగుతుందని 1905లో ఐన్‌స్టీన్ వివరించారు. మిలికన్‌కు ఇది మింగుడుపడలేదు. పొట్లాలే అయితే వ్యతికరణం ఎలా వస్తుందన్నది ఆయన అభ్యంతరం.

తేల్చుకోవడానికి దాదాపు పదేళ్లు పట్టింది. గాలి తగిలితే లోహపు ఉపరితలం పాడవుతుంది. అందుకే శూన్యం చేసిన గాజు గొట్టంలోనే చిన్న కత్తి అమర్చి, బయటి నుంచి విద్యుదయస్కాంతంతో నడిపిస్తూ సోడియం, పొటాషియం, లిథియం దిమ్మల పైపొర చెక్కేవారు. ఒక్కో రంగు కాంతికి కొలతలు తీసి గ్రాఫు గీస్తే సరళరేఖ వచ్చింది. దాని వాలు నుంచి ప్లాంక్ స్థిరాంకం దొరికింది.

1916లో ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు ప్రచురించారు. ఐన్‌స్టీన్ సమీకరణం సరైనదేనని ఒప్పుకున్నారు. పొట్లాల ఊహ మాత్రం నిలవదని అదే వ్యాసంలో రాశారు. ఈ కృషికి, ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచినందుకు కలిపి 1923లో నోబెల్ బహుమతి వచ్చింది. 1950 నాటి ఆత్మకథలో ఆ పాత సందేహం ఊసే లేదు. తన ప్రయోగం ఐన్‌స్టీన్ భావనను తిరుగులేకుండా రుజువు చేసిందనే చెప్పుకున్నారు. 1953లో కన్నుమూశారు.

నిజానికి ఆ సందేహం దాచుకోవాల్సినంత తప్పేమీ కాదు. కాంతిని తరంగంగానే ఉంచి, లోహంలోని ఎలక్ట్రాన్లకు మాత్రం క్వాంటం నియమాలు వర్తింపజేసినా అదే సమీకరణం వస్తుందని 1969లో లాంబ్, స్కల్లీ చూపించారు. ఫోటాన్లకు గట్టి రుజువులు 1970లలో జరిగిన వేరే ప్రయోగాలతో వచ్చాయి.

తరగతిలో మనం ఈ పాఠాన్ని రెండు వాక్యాల్లో ముగించేస్తాం. తరంగంతోనే ఎందుకు వివరించకూడదని ఎవరైనా అడిగితే సిలబస్ గుర్తుచేస్తాం. ఈసారి బోర్డు మీద ఆ సరళరేఖ గీసినప్పుడు, దాన్ని పట్టుబట్టి కొలిచిన మనిషి అది అలా రావాలని కోరుకోలేదని కూడా పిల్లలకు చెబుదాం.