కార్మిక పక్షపాతి వి.వి. గిరి గారు



మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక పెద్దమనిషి జీవితం రాయమని కార్యదర్శి గారు కోరారు. మొగల్తూరు అనగానే అందరికీ సినిమా వారే గుర్తుకు వస్తారు గనుక, ఈ ఊరి వాడిగా నేను కూడా వారి గురించే రాస్తాననుకున్నారేమో! నేను వరాహగిరి వెంకటగిరి గారిని ఎంచుకున్నాను. ఆరోగ్య శాఖలో గుమాస్తాగా నా సర్వీసు చాలావరకు నర్సమ్మల జీతాల బిల్లులు, టి.ఏ. బిల్లులు రాయడంతోనే గడిచింది. ఉద్యోగి తనకు రావలసిన దాన్ని అర్జీ పెట్టి అడుక్కోవాలా, ఎదురుగా కూర్చుని మాట్లాడి ఒప్పందం చేసుకోవాలా అన్న సందేహం అక్కడే నాకు పట్టుకుంది. గిరి గారి జీవితమంతా ఆ విషయం చుట్టూనే తిరిగింది.

ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. అప్పట్లో గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. 1913లో గిరి గారు బారిస్టరు చదువుకు డబ్లిన్ వెళ్ళారు. సరిగ్గా ఆ ఏడాదే అక్కడి యజమానులు సంఘంలో చేరిన కార్మికులను నెలల తరబడి పనిలోకి రానివ్వకుండా తలుపులు మూశారు. చదువుతో పాటు ఆ పోరాటం, ఐర్లండు స్వాతంత్ర్యోద్యమం కూడా ఆయనకు వంటబట్టాయి. 1916 తిరుగుబాటు తరువాత ఆ దేశం విడిచి రావలసి వచ్చింది.

బరంపురంలో ప్రాక్టీసు పెట్టి, గాంధీగారి పిలుపుతో దాన్ని వదిలి, 1922లో జైలుకు వెళ్ళారు. ఆ తరువాత రైల్వే కార్మికులలో పని మొదలుపెట్టారు. అఖిల భారత రైల్వే కార్మికుల ఫెడరేషన్ స్థాపకులలో ఆయన ఒకరు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో, ముఖ్యంగా ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో, మన తెలుగువారు చాలామంది ఉండేవారు. కంపెనీ ఉద్యోగాల కోత మొదలుపెడితే 1928లో గిరి గారు శాంతియుతంగా సమ్మె నడిపి కంపెనీని దారికి తెచ్చారు. అంతకు ముందే, 1927లో, జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళివచ్చారు.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారినే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలోనూ పనిచేశారు. తరువాత సిలోనులో హైకమిషనరు పదవి, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభ, నెహ్రూ గారి కొలువులో కార్మిక శాఖ.

ఇక్కడే కొంచెం ఆగాలి. తగాదా వస్తే ప్రభుత్వం దాన్ని ట్రిబ్యునల్‌కు పంపడం, ఉభయులూ తీర్పు కోసం ఏళ్ళు ఎదురుచూడడం అప్పటి పద్ధతి. గిరి గారికి అది నచ్చలేదు. కోర్టుకెక్కిన అన్నదమ్ముల మధ్య మాటలు ఉండనట్లే, తీర్పుకు అలవాటు పడిన సంఘమూ యాజమాన్యమూ మాట్లాడుకోవడం మరచిపోతాయని ఆయన భయం. ముందు బేరసారాలు జరగాలి, కుదిరిన దానిపై రెండు పక్షాలూ సంతకం చేయాలి అన్నారు. దానికి గిరి విధానమని పేరు వచ్చింది గాని, ప్రభుత్వంలో సాగలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే తగ్గించి సవరించింది. గిరి గారు మంత్రి పదవికి రాజీనామా చేశారు. తీర్పుల పద్ధతే వద్దన్న మనిషి, వచ్చిన తీర్పును సర్కారే కోసేస్తే ఊరుకోలేదన్న మాట! బ్యాంకు వారు చివరకు 1966లో యాజమాన్యాలతో మొదటి ద్వైపాక్షిక ఒప్పందం చేసుకున్నారు. వారి జీతాలు నేటికీ అలాగే తేలుతున్నాయి.

1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరులలో గవర్నరుగిరీ, 1967లో ఉపరాష్ట్రపతి పదవి. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా మన నీలం సంజీవరెడ్డి గారినే ఓడించి రాష్ట్రపతి అయిన కథ అందరికీ తెలిసిందే.

నాకు మింగుడుపడనిది 1974 మే నెల. అప్పటికి నేను ఉద్యోగంలో కొత్తవాణ్ణి. రైల్వే సమ్మెను అణచివేసి వేలమందిని జైళ్ళలో పెట్టినప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది, ఆ ఫెడరేషన్ పునాదులు వేసిన గిరి గారే. పదవికి కట్టుబాట్లుంటాయి, నిజమే. అయినా 1954లో లేచి వచ్చిన మనిషి కదా అని మనసు అడుగుతూనే ఉంటుంది. 1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.

ఆయన వెళ్ళిన జెనీవా సంస్థే 1977లో నర్సుల కోసం ఒక ఒడంబడిక చేసింది. వారి జీతభత్యాలు, పని గంటలు వీలైనంతవరకు వారి సంఘాలతో చర్చించి నిర్ణయించాలని అందులో ఉంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో, సముద్రపు ఒడ్డు పల్లెలు తిరిగే నర్సమ్మల టి.ఏ. బిల్లులు రెండేళ్ళు కదలలేదు. ఒక్కొక్కరు వచ్చి అడిగితే రేపు, మాపు అనేవారు. ఒకరోజు పెద్ద వయసు హెల్త్ విజిటరమ్మ గారు అందరినీ వెంటబెట్టుకుని వచ్చి, అధికారి ఎదుట కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. మాట్లాడినదంతా నా చేతనే రాయించి, అధికారి చేత సంతకం పెట్టించారు. సగం బాకీలు ఆ నెలలోనే వచ్చాయి. మిగతా సగానికి ట్రెజరీ అబ్జెక్షన్లు తప్పలేదు లెండి.

2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక కాంట్రాక్టు ఏ.ఎన్.ఎం.లు చేరారు. కాంట్రాక్టు అంటే గిరి గారికి రెండు పక్షాలూ మాట్లాడుకుని రాసుకున్న కాగితం. ఈ ఆడపిల్లలకు మాత్రం, పైనుంచి టైపై వచ్చిన కాగితం. నేను రిటైరయ్యే నాటికి, దాని మీద ఏటా సంతకం పెట్టడానికి వాళ్ళు మా వరండా బెంచీ మీద వరుసగా కూర్చుని ఉండేవారు.